కోయని స్ప్రింగు

పాముకి పగ పట్టడం నేర్పగల మనిషి ఈ మెకానిక్. ఒకే ఒక్క మాటను ఏడేళ్ళపాటు అన్నంతో కలిపి నమిలాడు. ఆ మాట అన్నది అక్క మొగుడు.

బావ షెడ్డులో పన్నెండేళ్ళు ఒళ్ళు వంచి పనిచేశాడు. ఒకసారి డాక్టరుగారు తన పాత స్పోర్ట్స్ కారు ముక్కు అందం కోసం నేలకు దగ్గరగా దించమన్నారు. బావ తొందరపడి ముందు చక్రాల స్ప్రింగుల్ని గ్యాసు మంటతో కోసేశాడు. బండి అందంగా వంగింది కానీ, గుంత గుంతకీ ఇనుము ఇనుముకి కొట్టుకుని డాక్టరుగారి నడుం పట్టేసింది. ఆయన నిలదీస్తే బావ అదురూ బెదురూ లేకుండా బావమరిది వైపు వేలు చూపించాడు. "కోసింది ఈ వెధవేనండి!" అంతే, మెకానిక్ రోడ్డున పడ్డాడు. సొంతంగా షెడ్డు పెట్టినా ఎవరూ మంచి బండి తెచ్చేవారు కారు.

ఇన్నాళ్ళకు డాక్టరుగారు అదే కారుతో వచ్చారు. బావ కొత్త స్ప్రింగులు వేశాక ముక్కు మళ్ళీ లేచిందట, కుదుపు లేకుండా దించడం ఎవరికీ చేతకాలేదట.

"మళ్ళీ కోశావో, ఊరుకోను."

"స్ప్రింగు ముట్టుకోను సార్."

ముట్టుకోలేదు. చక్రం బిగించే ఇరుసు ముక్కను రెండంగుళాలు పైన ఉండేలా కొత్తగా చేయించాడు. చక్రం పైకి జరిగితే బండి ఆ మేరకు దిగుతుంది, స్ప్రింగు నిడివి చెక్కుచెదరదు. ఇనుము ఇనుముకి కొట్టుకోకుండా ఆపే అడ్డు రబ్బర్లకు గ్రీజు పూసి గుంతల్లో తిప్పాడు. గ్రీజు చెదరలేదు, అంటే ఎక్కడా తగల్లేదన్నమాట.

డాక్టరుగారిని ఎక్కించుకుని ఆ కారును తిన్నగా బావ షెడ్డుకే తీసుకెళ్ళాడు. కడుపుమంట చల్లారేది అక్కడే మరి. డాక్టరుగారు బావను పక్కన కూర్చోబెట్టుకుని ఓ చుట్టు తిప్పారు. దిగగానే బావ టార్చి పట్టుకుని కారు కింద దూరాడు.

"ఎక్కడ కోశావురా?"

"వెతుకు బావా, బాగా వెతుకు. కొయ్యడం నీ విద్య, నాది కాదు."

"మరి ఆ రోజు కోసిందెవరు?" అన్నారు డాక్టరుగారు. బావ మళ్ళీ కారు కింద దూరబోయాడు.

"ఈయనేనండి. నా కళ్ళతో చూశాను" అంది అక్క, షెడ్డు వెనకే ఉన్న ఇంటి గుమ్మంలోంచి.

మెకానిక్ మొహం వెలిగి, అంతలోనే మాడిపోయింది.

"ఆ రోజే చూశావా అక్కా?"

"నా కాపురం నిలబడాలి కదరా."

డాక్టరుగారు నలుగురికీ చెప్పారు. మెకానిక్ షెడ్డు ముందు పాత కార్లు బారులు తీరాయి. నెల తిరక్కుండా బావ వచ్చి తప్పయిందంటే కుర్చీ వేసి టీ ఇచ్చాడు.

అక్క మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ అతను కారు కిందనుంచి బయటికి రాలేదు.