నాయనమ్మ రాయికోడ్ బస్సెక్కింది

మా చిన్నప్పుడు... జహీరాబాద్‌లో మా ఇంట్లో తెల్లారేది వావిలాకు వాసనతోనే! ఆకులు వేసి మరిగించిన నీళ్ల గుండిగ ఒక పక్క, వాము వేసి కాచిన నువ్వుల నూనె గిన్నె ఇంకో పక్క... మధ్యలో మంచం అంచున కాళ్లు చాపుకొని మా నాయనమ్మ.

"జర మెల్లగ రుద్దే పిల్లా... కాలనుకున్నవా, కట్టె అనుకున్నవా?" అని నా మీద అరిచేది. రుద్దడం ఆపితే మాత్రం ఊరుకునేది కాదు.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. రాయికోడ్‌లో నాయనమ్మకు ఒక చెల్లెలు ఉండేది. మేం చిన్నవ్వ అనేవాళ్లం. కాస్త తీరిక దొరికితే చాలు... నాయనమ్మ ఎర్రబస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని చెల్లెలింటికి ప్రయాణం కట్టేది. ఎవరి తోడూ అక్కర్లేదు ఆమెకు.

ఆ చలికాలం మాత్రం బస్సు మెట్టు మీద పెట్టిన కాలు పైకి లేవలేదు. వెనకవాళ్లు తోసుకొస్తున్నారు. కండక్టరు "జల్దీ ఎక్కు అవ్వా" అంటున్నాడు. నాయనమ్మ కమ్మీ పట్టుకుని మళ్లీ ప్రయత్నించి, చివరికి కాలు కిందికి దించేసింది. బస్సు వెళ్లిపోయింది. సాగనంపడానికి వచ్చిన మా అమ్మ చెయ్యి పట్టుకుని ఇంటికి తిరిగొచ్చేసింది...

అప్పటి నుంచి మంచం దిగడమే తగ్గించేసింది. కూర్చున్నకొద్దీ కాళ్లు ఇంకా బిగుసుకుపోయాయి.

ఇంతలో చిన్నవ్వ దగ్గర్నుంచి కబురు... ఎండాకాలంలో మనవరాలి పెళ్లి. "అక్క చెయ్యి పడకుంట పసుపు దంచ" అందట!

"ఎడ్లబండి కట్టిస్తనమ్మా, ఫికర్ చెయ్యకు" అన్నాడు మా నాయన.

నాయనమ్మ మండిపడింది. "గడ్డిమోపు లెక్క నన్ను ఆడ దించుతవారా? పోతె బస్సుల పోత. లేకుంటె పోనే పోను!"

మా అమ్మకూ నాయనమ్మకూ కూరలో ఉప్పు దగ్గర్నుంచి అన్నింటికీ పేచీయే. కానీ మర్నాడు పొద్దున్నే అమ్మ రిక్షా పిలిపించి, అత్తగారిని దవాఖానకు తీసుకెళ్లింది. అక్కడి డాక్టరమ్మ మోకాళ్లు వంచి, చాపి చూసి చెప్పింది...

"నూనె రుద్దుకో, మంచిదే. కని కూసుంటె కీలు పట్టేస్తదమ్మా. రోజు జర జర నడువు. మెట్టెక్కుడు మెల్లగ అలవాటు చేస్కో. నొప్పి ఎక్కువైతె ఆగు."

"నడిస్తె నొస్తదంటె నడువుమంటది! గిదేం డాక్టరే?" అని దారి పొడుగునా గొణుగుడే.

కానీ సాయంత్రం లేచింది! కర్ర పట్టుకుంటే ముసలిదంటారని, చెరుకు బండి నుంచి జారిపడిన గట్టి గడ ఒకటి ఊతంగా పట్టుకుని గల్లీ చివరిదాకా వెళ్లొచ్చింది. వచ్చాక అరుగు మీద కూర్చుని ఆ గడను ముక్కలు కొట్టి మా అందరికీ పంచింది. ఇంకేముంది... మర్నాటి నుంచి గల్లీలో పిల్లలంతా "అవ్వా, నడువవా?" అంటూ మా గుమ్మం ముందే కాపలా!

అమ్మ ఏం చేసిందో తెలుసా? పురికొస ఒకటి పట్టుకుని బస్టాండుకు పోయి, రాయికోడ్ బస్సు మెట్టు ఎంత ఎత్తుందో కొలిచింది.

"ఏం కొలుస్తున్నవమ్మా, బస్సుకు అంగి కుట్టిస్తవా?" అన్నాడట కండక్టరు.

ఇంటికొచ్చి వసారాలో కిటికీ కింద ఒక షాబాదు బండ వేసింది. కిటికీ చువ్వలే బస్సు కమ్మీ. నాయనమ్మ బండ ఎక్కాలి, దిగాలి. అది అలవాటయ్యాక దాని మీద ఇంకో బండ. అలా పురికొస ఎత్తుకు చేరేదాకా పేర్చుకుంటూ పోయింది. ఆమె కాలెత్తినప్పుడల్లా మేం పక్కన నిలబడి "రైట్... రైట్!" అని అరిచేవాళ్లం. నొప్పిగా ఉన్న రోజు ఆమే చెప్పేది...

"ఇయ్యాల బస్సు ఖరాబైంది. పోండ్రి!"

పెళ్లికి బయల్దేరిన రోజు బస్టాండుకు రాయికోడ్ బస్సొచ్చింది. నాయనమ్మ కమ్మీ పట్టుకుంది. కాలు మెట్టు మీద పెట్టింది. అమ్మ వెనక రెండు చేతులూ చాపి నిలబడింది, తాకలేదు. నాయనమ్మ ఒక్క క్షణం ఆగి... ఎక్కేసింది! పైనుంచి వెనక్కి తిరిగి అమ్మను చూసి,

"నువ్వు ఎక్కుతవా, నన్నే చెయ్యియ్యమంటవా?" అంది.

అమ్మ నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

రాయికోడ్‌లో చిన్నవ్వ గడపలోనే నోరు తెరిచింది. "బస్సులొచ్చినవా అక్కా!"

అక్కాచెల్లెళ్లిద్దరూ నిలబడి ఒకే రోకలి పట్టుకుని పసుపు దంచారు. పాట మరిచిపోయి నవ్వుకున్నారు. ముక్కుల మీద, జుట్టులో, అంతా పసుపే! మర్నాడు చూస్తే, తన కాళ్లూ లాగుతున్నాయన్న చిన్నవ్వను నాయనమ్మ చెయ్యి పట్టుకుని వాకిట్లో నడిపిస్తోంది... "కూసుంటె కీలు పట్టేస్తదే, డాక్టరమ్మ చెప్పింది" అంటూ!

నొప్పి పూర్తిగా పోయిందా అంటే, లేదు. కానీ ఆ తర్వాత చాలా ఏళ్లు తన కాళ్ల మీదే తిరిగింది మా నాయనమ్మ.

ఇప్పుడు మోకాళ్ల నొప్పులకు నా వంతు వచ్చింది. మంచి మందులున్నాయి, వ్యాయామాలు చూపించే వీడియోలున్నాయి... అన్నీ చేస్తూనే ఉన్నాను. కానీ అప్పట్లో ఒకరి నొప్పి ఇంటిల్లిపాదికీ పని అయ్యేది, పిల్లలకు ఆట అయ్యేది. ఇప్పుడు ఎవరి నొప్పి వాళ్ల గదిలోనే తలుపేసుకుని ఉంటోంది...

మీ ఇంట్లో పెద్దవాళ్ల కాళ్లకు నూనె రాసిన చేతులెవరివి? వాళ్లు మిమ్మల్ని ఏమని తిట్టేవాళ్లు? కింద రాయండి... అందరం కలిసి నవ్వుకుందాం.