అవ్వ నింపిన రెండు చెంబులు

నా చిన్నప్పుడు, నైజాం రోజుల్లో, నారాయణపేట నేతగాళ్ళలో మా తాతకు మంచి పేరుండేది. నాకు తొమ్మిదేళ్ళు వచ్చేసరికి ఆయన కుడిచెయ్యి ఒళ్ళో ఊరికే ఉన్నప్పుడు వణికేది. బొటనవేలు, చూపుడువేలు గింజను నలుపుతున్నట్టు కదిలేవి. నడుము వంగింది, అడుగులు చిన్నవయ్యాయి, మొహంలో నవ్వు కనబడకుండా పోయింది.

మా కులపెద్ద అది తాగుడు వణుకని తేల్చేశాడు. పంచాయితీలో నలుగురి ముందూ తాత తలపాగా తీయించి, ఇక ఎవరూ ఆయనకు నూలు ఇవ్వొద్దన్నాడు. తాత కల్లు ముట్టి ఎరగడు. ఆ రోజు మా అవ్వ ఏడవలేదు, అన్నమూ తినలేదు.

మర్నాడే తాతనూ నన్నూ బండిలో పాలమూరు దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు తాత చేతిని కాసేపు ఊరికే ఉంచి చూశాడు, తర్వాత గ్లాసు అందుకోమన్నాడు. వణుకులన్నీ ఒకటి కావన్నాడు. తాగుడు వణుకు ఏదైనా పట్టుకోబోతే ఎక్కువవుతుందట, అలాంటివాడు కాళ్ళు ఎడం చేసి తూలుతూ నడుస్తాడట. తాతది ఊరికే ఉన్న చేతికి వచ్చే వణుకు, పనికి చెయ్యి చాపితే తగ్గుతుందట. నయం చేసే మందు లేదని కూడా చెప్పాడు. తిరుగుదారంతా అవ్వ ఆ రెండు వణుకుల తేడానే నెమరేసింది.

తర్వాతి పంచాయితీలో అవ్వ రెండు చెంబుల్లో నిండా నీళ్ళు పోసి ఒకటి తాత ముందు, ఒకటి కులపెద్ద ముందు పెట్టింది.

"ఇద్దరు ఎత్తి తాగుండ్రి. తాగుబోతు ఎవలో అందరు జూస్తరు."

తాత చెయ్యి చెంబును అందుకోగానే నిలిచింది. మెల్లగా తాగి దించాడు. కులపెద్ద చెంబు పైకి లేచిన కొద్దీ ఊగింది. నీళ్ళు అంగీ మీద ఒలికిపోయాయి. ఆయన ఇంట్లో సారా సంగతి అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పలేదంతే.

"ఇప్పుడు నా పెనిమిటికి పాగ నువ్వే కట్టు," అన్నది అవ్వ.

ఆ వణికే చేతులతో కులపెద్ద కట్టలేకపోతుంటే, సాయానికి లేచినవాళ్ళను అవ్వ కూర్చోబెట్టింది. చివరి చుట్టు దాకా కళ్ళార్పకుండా చూసింది.

నూలు మళ్ళీ వచ్చింది కానీ తాత రెండేళ్ళకే మగ్గం దిగాడు. కులపెద్ద మళ్ళీ పంచాయితీ ముఖం చూడలేదు. ఓసారి తాత, "వానిది గూడ రోగమే గదనే," అన్నాడు. అవ్వ చెంబు తీసుకుని నీళ్ళకు పోయింది.

ఈ వయసులో ఎవరి చెయ్యి వణికినా, ఎప్పుడు వణుకుతోందో చూడందే నేను మాట అనను. అది డాక్టరు నేర్పింది. తాత అన్న మాటా నిజమేనని తెలుసు. అయినా ఆ తడిసిన అంగీ గుర్తొస్తే నా కడుపు ఇప్పటికీ చల్లబడుతుంది. అది అవ్వ ఇచ్చిపోయింది.