రూపాయి పక్కన పాప తల

మాది బట్టల కొట్టు ఇల్లు. చార్మినార్ దగ్గర మామయ్య కొట్టు. ఇంట్లో ఏ సొరుగు లాగినా ఒక టేపు బయటపడుతుంది. అలాంటి ఇంట్లో మూడు నెలల పిల్ల తల కొలవడానికి ఫోన్ తీశారంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పసిపిల్లల ఒంటికి టేపు చుట్టకూడదని మా అత్తమ్మ నమ్మకం. "కొలత పెడితే ఎదుగుడు ఆగుతది బిడ్డా" అంటుంది. టీకా వేయించిన రోజు డాక్టరమ్మ పాప తలకు టేపు చుడుతుంటే ముఖం అటు తిప్పుకుని నిలబడింది. అంతా బాగుందని డాక్టరమ్మ చెప్పిన మాట ఆవిడ చెవికెక్కనే లేదు.

చెవికెక్కింది మా వదిన మాట. వదిన అంటే మా ఆయన అక్క, గుడిమల్కాపూర్‌లో ఉంటుంది. వీడియో కాల్‌లో పాపను చూసి, "తల జర చిన్నగ కనవడ్తుందేందమ్మా" అంది. అంతే. మా మరిది అప్పటికప్పుడు ఫోన్‌లోకి ఒక యాప్ దించాడు. తల పక్కన రూపాయి బిళ్ళ పెట్టి పైనుంచి ఫోటో తీస్తే, బిళ్ళతో పోల్చి తల కొలత చెప్పేస్తుందట.

"టేపు ముట్టేదే లేదు కదమ్మా, ఫోటో తీసుడే" అన్నాడు. అత్తమ్మకు అది తెగ నచ్చింది. చేత్తో ముట్టుకోకుండా కొలిస్తే అది కొలతే కాదు కాబోలు.

మరిది జేబులోంచి రూపాయి తీయబోతే ఆవిడ ఒప్పుకోలేదు. "ఎవరెవరు ముట్టిన్రో, పిల్ల పక్కన పెడ్తవా?" అని పూజగదిలోకి వెళ్ళి, లక్ష్మీదేవి పటం ముందు ఎన్నో ఏళ్ళుగా ఉన్న రూపాయిని తెచ్చి, పసుపు తుడిచి, తన చేత్తోనే పెట్టింది. ఫోటో తీశారు. ముప్పైనాలుగు సెంటీమీటర్లని, ఈ వయసుకు చాలా తక్కువని ఎర్ర అక్షరాలు వచ్చాయి.

ఇక చూడాలి ఆ ఇంటిని. అత్తమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మరిది ఆ ఫోటోను అంకెతో సహా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. తలా ఒక మాట. నేను కాన్పుకు జల్‌పల్లిలో మా అమ్మవాళ్ళింటికి వెళ్ళాను కదా, తప్పంతా అక్కడి బోరు నీళ్ళదట. "ఆ నీళ్ళు తాగింది, గందుకే గిట్లైంది" అని అత్తమ్మ నా ముందే అంది. మా చెల్లెళ్ళు ఆ నీళ్ళు తాగే చదువుకున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. ఆ సంగతి ఎవరికి కావాలి? వదినైతే గ్రూపులో రాసింది: "తల చిన్నగుంటే తెలివి రాదంటరు. అసలే ఆడపిల్లాయె. ఎట్ల మరి?"

డాక్టరమ్మ బాగుందన్నది కదా అని నేను గొంతు పెంచితే మా ఆయన, "లొల్లి చెయ్యకు, రేపు దవాఖానకు పోదాం" అన్నాడు తప్ప వాళ్ళను ఒక్క మాట అనలేదు. నాకు అందరికంటే ఆయన మీదే ఎక్కువ కోపం వచ్చింది.

కోపం కింద భయం కూడా ఉంది, దాచను. ఆ సాయంత్రం పాపకు నీళ్ళు పోస్తూ తలను అరచేతిలో పట్టుకుంటే, నిన్నటిదాకా ముద్దొచ్చిన తల చిన్నగా అనిపించింది. నా బిడ్డను నా చేతే అనుమానంగా పట్టుకునేలా చేశారు.

పాపను పడుకోబెట్టి ఆ ఫోటోను పెద్దది చేసి చూశాను. చూస్తున్నకొద్దీ తల కాదు, బిళ్ళ తేడాగా కనిపించింది. పూజగదిలోకి వెళ్ళి దాన్ని తీసుకుని, నా పర్సులోని కొత్త రూపాయిని దాని మీద పెట్టాను. పాతది చుట్టూ అంచు మిగిలేంత పెద్దగా ఉంది. యాప్‌కు తెలిసింది కొత్త రూపాయి ఒక్కటే. బిళ్ళ పెద్దదని దానికెలా తెలుస్తుంది? దాన్ని కొత్త రూపాయంతే అనుకుని తలను చిన్నది చేసింది.

మరిదికి చూపిస్తే, "అరె, గింత తేడానా వదినా!" అని నవ్వాడు. ఆ నవ్వుకు చెంప పగలగొట్టాలనిపించింది.

సొరుగు లాగి టేపు తీశాను. అత్తమ్మ "వద్దు, వద్దు" అంటుండగానే కనుబొమల పైనుంచి, చెవుల మీదుగా, వెనక ఎత్తుగా ఉన్నచోటు దాకా చుట్టాను. ముప్పైతొమ్మిదిన్నర. పాప నిద్రలోనే పెదవులు చప్పరించింది. మర్నాడు డాక్టరమ్మ టేపులోనూ అదే అంకె వచ్చింది. ఈ వయసుకు ఉండాల్సినట్టే ఉందని మళ్ళీ చెప్పింది.

బయటికి రాగానే, రాత్రి టేపు చుట్టినప్పుడు తీసిన పాప తల ఫోటోను అదే గ్రూపులో పెట్టాను. అందరూ చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. "తప్పైంది" అన్న మాట కోసం ఇల్లు చేరేదాకా ఫోన్ చేతిలోనే పట్టుకున్నాను.

గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే వదిన మెసేజ్ వచ్చింది.

"పసిపిల్లకు టేపు చుట్టిందెవరు?"

పాపను భుజం మీదికి మార్చుకుని ఒంటి చేత్తో రాశాను.

"నేనే చుట్టిన. వచ్చే నెల మళ్ళ చుడ్త."