అరుగు కింద చేతులు కడిగిన రోజు

1938 వానాకాలంలో నన్ను కామారెడ్డిలోని ఒక చిన్న మిషన్ దవాఖానాకు మిడ్‌వైఫ్‌గా వేశారు. పైన డాక్టరమ్మ, ఆమె కింద నేను, నా కింద ఒక ఆయా. అంతే మా పటాలం. నాకు తెల్లచీర, నడుముకు బెల్టు, కాళ్ళకు నల్ల బూట్లు ఇచ్చారు. బూట్ల సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మా వాడ వాళ్ళెవరూ దొరల పెద్దిండ్ల ముందు నుంచి చెప్పులతో నడిచింది లేదు. చెప్పులు చేతిలో పట్టుకొని పోవలసిందే. అందుకే ఆ బూట్లంటే నాకు మహా గర్వం. రోజూ పొద్దున్నే గుడ్డతో తుడిచి గానీ తొడిగేదాన్ని కాదు.

ఒక పొద్దున ఎల్లారెడ్డి నుంచి పటేల్ గారి మనిషి బస్సు దిగి వచ్చాడు. చిన్న కోడలికి ముందటి రోజు నుంచి నొప్పులట, బిడ్డ ఎదురుకాళ్ళతో వస్తున్నదట, మంత్రసాని చేతులెత్తేసిందట. డాక్టరమ్మ సికింద్రాబాద్ పోయింది. ఆయాకు జ్వరం. ఇక నేను ఒక్కదాన్నే పోవాలి. ఎవరి ఇల్లో విన్నాక సంచి సర్దుతున్నదాన్ని ఆగిపోయాను.

మా అవ్వ ఎల్లవ్వ, అంటే నన్ను కన్నతల్లి, ఆ ఇంటి పొలాల్లోనే కూలి చేసింది. నా చిన్నతనంలో ఒకరోజు ఎండకు తాళలేక, ఆ ఇంటి వెనుక అరుగు మీది నీళ్ళకుండను నేను ముట్టుకున్నాను. దొరసాని, అంటే పటేల్ గారి భార్య, ఆ కుండను కూలివాళ్ళందరి ముందూ నేలకేసి కొట్టింది. మా అవ్వ కుమ్మరింటికి పోయి కొత్త కుండ తెచ్చి, అరుగు కింద పెట్టి, నేలకు నుదురు ఆనించింది. ఆ పూట ఆమె నన్ను తిట్టలేదు, కొట్టలేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది. పెద్దయ్యాక చచ్చినా ఆ అరుగు ముందు చేతులు చాచనని అనుకున్నాను.

బస్సులో కూర్చుంటే చేతులు ఒకటే వణుకు. మా పనిలో దీనికి మించిన చిక్కు లేదు. ఎదురుకాళ్ళ కాన్పులో తొందరపడి లాగితే బిడ్డ చేతులు పైకి పోయి తల ఇరుక్కుంటుంది. బొడ్డు దాకా దానంతట అదే దిగేవరకు ఓర్చుకొని చూడాలి, తరువాత భుజాలు, చివర తల, నెమ్మదిగా తీయాలి. వణికే చేతులతో అయ్యే పని కాదది. నా భయమా, కేసు గురించి కాదు. అక్కడ నన్ను ఏమని పిలుస్తారో, ఎక్కడ నిలబెడతారో అన్నదే.

వెనుక వాకిలి నుంచి రమ్మన్నారు, బూట్లు విప్పి పోయాను. పురుటి గదిలో అందరిదీ మైలే కాబట్టి, నేను కోడలిని ముట్టుకోవడానికి వాళ్ళకేమీ అడ్డు లేదు. పేచీ అంతా నీళ్ళ దగ్గర వచ్చింది. కేసు ముట్టుకునే ముందు మోచేతుల దాకా సబ్బుతో రుద్ది, పైనుంచి ధారగా పడే నీళ్ళతో కడగాలి, ఆ పైన మందునీళ్ళలో ముంచాలి. తొట్టిలో ముంచి కడిగితే లెక్కలోకి రాదు. ఎవరి నీళ్ళు వాళ్ళు పోసుకోలేరు కదా, అందుకే ఎప్పుడూ ఆయా వెంట ఉండేది. ఇక్కడ మంత్రసాని కోడలిని వెనుక నుంచి పట్టుకొని కూర్చుంది, లేవలేదు.

ఎవరినైనా కిందికి వచ్చి నీళ్ళు పోయమని దొరసానిని అడిగాను.

ఆమె చెంబు పట్టుకొని అరుగు మీదే నిలబడింది. “కిందికొస్తే మళ్ళ తానం జెయ్యాలె. గా బండ మీద కూసో, ఈడికెల్లే పోస్త. జల్ది కానియ్యి” అన్నది.

నా ఒళ్ళు భగ్గుమంది. సరిగ్గా మా అవ్వ నుదురు ఆనించిన చోటే! నేను మిషన్ నర్సును, మీ కూలిమనిషిని కాదు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. తిరిగి బస్సెక్కుదామనీ అనిపించింది. అంతలో లోపలి నుంచి ఆ పిల్ల “నేను బతుకనే అవ్వా” అని ఏడ్చింది.

కేసు ముట్టుకునే ముందు మోకరించి ప్రార్థన చేయడం మా దవాఖానా పద్ధతి. నిజం చెప్పాలంటే ఆ వాకిట్లో దానికీ సిగ్గుపడ్డాను, వాళ్ళకే మొక్కుతున్నాననుకుంటారని. అయినా ఆ బండ మీదే మోకరించాను. ప్రభువా, నా చేతుల వణుకు ఆపు అన్నాను, అంతకన్న పెద్ద ప్రార్థన రాలేదు. నడుముకు తువ్వాలు కట్టుకొని శిష్యుల కాళ్ళు కడిగిన ప్రభువు గుర్తుకొచ్చాడు. ఆయన కింద కూర్చున్నాడు, వాళ్ళు పైన కూర్చున్నారు. అంతమాత్రాన ఆయనకు తగ్గిందేముంది? కళ్ళు తెరిచేసరికి ఎలాగూ మోకాళ్ళ మీదే ఉన్నాను. ఇంకా కిందికి దించడానికి ఎవరికీ ఏమీ మిగలలేదు. చేతులు రెండూ చాచి, “నీళ్ళు పొయ్యి దొరసానీ” అన్నాను.

ఆమె పోసింది. ధార మోచేతుల మీద బాగానే పడింది. నా చేతులు నిలకడగా ఉన్నాయి.

లోపల నేను అనుకున్న దానికంటే ఎక్కువసేపే పట్టింది. ఆడపిల్ల. పుట్టగానే ఏడవలేదు. నోరు తుడిచి, వీపు రుద్దుతూ ఉంటే కాసేపటికి కెవ్వుమంది. మంత్రసాని గోడకు ఒరిగి వలవలా ఏడ్చింది.

రక్తపు చేతులతో బయటికి వచ్చి, ఆ బండ దగ్గరే మళ్ళీ కూర్చోబోయాను. దొరసాని చెంబుతో మెట్లు దిగి వచ్చింది.

“లే బిడ్డా, నిలవడి కడుక్కో” అని దగ్గరగా వంగి పోసింది. పోస్తూ పోస్తూ, “నువ్వు ఎల్లవ్వ బిడ్డవే గదా?” అన్నది.

“ఆ, దొరసానీ.”

“వచ్చినప్పుడే గుర్తువట్టిన. మీ అవ్వ పానం మంచిగున్నదా?”

మంచిగనే ఉన్నదని చెప్పాను. కుండ సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

బయలుదేరాక వెనక్కి తిరిగి చూస్తే, ఆమె దిగి వచ్చిన మెట్ల మీద శుద్ధి కోసం పేడనీళ్ళు చల్లుతున్నారు. పొద్దున్నయితే అది చూసి నేను కాలిపోయేదాన్ని. అప్పుడు నవ్వు వచ్చింది. బూట్లు తొడుక్కొని ఆ ఇంటి ముందు నుంచే నడిచి బస్సు దగ్గరికి పోయాను. ఎవరూ ఏమీ అనలేదు. అని ఉంటే ఏమనేదాన్నో తెలియదు గానీ, బూట్లు మాత్రం విప్పేదాన్ని కాదు.

వాళ్ళు చేసింది సరైనదని నేను ఆనాడూ అనలేదు, ఇప్పుడూ అనను. ఆ తరువాత నా ఉద్యోగమంతా, నస్రుల్లాబాద్ దాకా ఎన్ని పెద్దిండ్లకు పోయినా, ముందు “కిందికి వచ్చి పొయ్యండమ్మా” అనే అడిగాను. కోపంతో కాదు, భయంతోనూ కాదు, సబ్బు అడిగినట్టే అడిగాను. కొందరు దిగి వచ్చారు, కొందరు రాలేదు. రానిచోట మోకరించి ప్రార్థన చేసుకొని, అక్కడే చేతులు చాచాను. నన్ను ఎక్కడ కూర్చోబెట్టారన్నది వాళ్ళ లెక్క. లోపలికి పోయాక చేతులు వణకకుండా చూసుకోవడం నా పని.