మూలనున్న నాలుగు రాగి మచ్చల కోసం పాశమైలారం దాకా

నన్ను పటాన్‌చెరు వైపు నడిపించింది గుడి కాదు, కోట కాదు, వేలి గోరులో సగం కూడా లేని ఒక చిప్పు. ఇది రెండువేల దశకం మొదటి సంవత్సరాల సంగతి. అప్పుడు నేను బెంగళూరులో ఎలక్ట్రానిక్ బోర్డులు చేసే ఒక కంపెనీలో ఇంజనీరుగా పనిచేసేదాన్ని. పాతకాలపు చిప్పులకు జెర్రి కాళ్లలా రెండు పక్కలా లోహపు కాళ్లు బయటికి ఉండేవి. అప్పుడప్పుడే వస్తున్న ఈ కొత్త రకానికి కాళ్లే ఉండవు. అడుగున అంచు వెంబడి వరసగా రాగి మచ్చలుంటాయి, వాటినే నేరుగా బోర్డుకి టంకంతో అతికిస్తారు. మా బోర్డుల మీద ఆ చిప్పులు మూలల దగ్గర ఊడిపోతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. వాటిని తయారుచేసి ఇచ్చేది పాశమైలారంలోని ఒక చిన్న యూనిట్. అక్కడ కోసే బ్లేడు అరిగిపోయి ఉంటుందని మా మేనేజరు తేల్చేశారు. వెళ్లి చూసి, అదే అయితే ఆర్డరు ఆపేస్తున్నట్టు ఉత్తరం ఇచ్చి రమ్మన్నారు. ఆయన సంతకం చేసిన ఉత్తరం అప్పటికే నా సంచిలో ఉంది. ఇలాంటి పనికి మామూలుగా ఇద్దరిని పంపుతారు. "నీకైతే ఇంట్లో ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరు కదా, నువ్వొక్కదానివే వెళ్లిరా" అన్నారాయన. చెడ్డ ఉద్దేశంతో అన్న మాట కాదు. నిజమే కూడా. హాస్టల్లో నా గదిలో ఉండే రజని ఆ వేసవిలో పెళ్లి చేసుకుని వెళ్లిపోయాక, నేను రోజంతా మాట్లాడే మాటలన్నీ పనికి సంబంధించినవే అయిపోయాయి.

బెంగళూరు రైలు తెల్లవారుతుండగా కాచిగూడలో దింపింది. స్టేషన్లోనే ముఖం కడుక్కుని, ఆటోలో కోఠి వచ్చి పటాన్‌చెరు బస్సెక్కాను. ఆరున్నరకి ఎక్కితే అమీర్‌పేట, కూకట్‌పల్లి, మియాపూర్, రామచంద్రాపురం దాటి పటాన్‌చెరు చేరేసరికి ఎనిమిదిన్నర అయింది. టికెట్టు పదిహేను రూపాయల లోపే. ఇప్పటి ఛార్జీలు వేరుగా ఉంటాయి కానీ దారి అదే. మియాపూర్ దాటాక బస్సు సగం ఖాళీ అయింది. పక్క సీటులో ఎవరూ లేరని సంచి అక్కడ పెట్టాను. పటాన్‌చెరు దగ్గర పడేకొద్దీ గాలిలో మందుల ఫ్యాక్టరీల ఘాటైన వాసన మొదలైంది. కండక్టరు, మిగతా ప్రయాణికులు దాన్ని గమనించినట్టే లేరు. నేను మాత్రం చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను.

పటాన్‌చెరు నుంచి పాశమైలారానికి షేర్ ఆటోలు తిరుగుతాయి, మనిషికి ఐదు రూపాయలు. నేను ఎక్కిన ఆటోలో అప్పటికే ఏడుగురు కార్మికులున్నారు. వాళ్లలో నలుగురు హిందీలో ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. డ్రైవరు నన్ను తన పక్కన అంచుమీద కూర్చోబెట్టాడు. "ఏ కంపెనీకి పోవాలె మేడం?" అని అడిగాడు. పేరు చెప్పాను. "గా చిన్న చిన్న నల్ల బిల్లలు చేసేటిదా? దాన్ల మా మరదలు చేస్తది. మంచి కంపెనీ మేడం, నెల కాంగనె జీతం ఇస్తరు" అన్నాడు. నా ఒళ్లో ఉన్న సంచిని ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాను. ఇస్నాపూర్ దగ్గర ఆటో బొంబాయి హైవే వదిలి లోపలికి మళ్లింది. రెండు వైపులా ప్రహరీ గోడలు, వాటి మీద గాజు పెంకులు, మధ్యమధ్యలో జొన్న చేలు.

యూనిట్ చిన్నదే. గేటు దగ్గర పేరు రాసి లోపలికి వెళితే మేనేజరు మురళి గారు ఎదురొచ్చారు. తెనాలి దగ్గరి మనిషి. తండ్రి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డారట. "దూరం నుంచి వచ్చారు, ముందు టిఫిన్ చేయండమ్మా" అన్నారు కానీ ఆయన చూపంతా నా సంచి మీదే ఉంది. నేను ఎందుకు వచ్చానో ఆయనకు తెలుసు. టిఫిన్ వద్దని చెప్పి, తెల్ల కోటు, టోపీ వేసుకుని లైను చూడటానికి వెళ్లాను.

ఇలాంటి చోటు చూడని వాళ్ల కోసం కాస్త చెబుతాను. పనంతా ఒక పల్చటి రాగి రేకుతో మొదలవుతుంది. దాన్ని లెడ్‌ఫ్రేమ్ అంటారు. జల్లెడలా తొలిచి ఉంటుంది. ఒక్కో రేకులో వందల గళ్లు, ఒక్కో గడిలో మధ్యన ఒక పలక, చుట్టూ చిన్న చిన్న రాగి నాలుకలు. పలక మీద సిలికాన్ ముక్కను జిగురుతో అతికిస్తారు. ఆ ముక్క నుంచి ఒక్కో నాలుకకి తలవెంట్రుక కన్నా సన్నని బంగారు తీగ కుడతారు. తర్వాత రేకు మొత్తం మీద నల్లటి ప్లాస్టిక్‌ను కరిగించి పోస్తారు. అది గట్టిపడ్డాక, పళ్లెంలో పోసిన బర్ఫీని కోసినట్టు, తిరిగే బ్లేడుతో అడ్డంగా, నిలువుగా కోస్తారు. విడివిడిగా రాలిన ప్రతి ముక్కా ఒక చిప్పు. ఆ నాలుకల అడుగుభాగమే చిప్పు కింద రాగి మచ్చల్లా కనిపించేది. రాగి రేకులు మా కంపెనీయే వేరేచోట చేయించి పంపేది. మిగతాదంతా ఇక్కడి పని. నేను నేరుగా కోత మిషను దగ్గరికి వెళ్లి బ్లేడు విప్పించి చూశాను. అంచు పదునుగా, సమంగా ఉంది. నా అనుమానం తీరక ఇంకో కొత్త బ్లేడు వేయించి నా కళ్లముందే ఒక రేకు కోయించాను. ఆ ముక్కల్లోనూ, పట్టకారుతో నెడితే, మూలనున్న రాగి మచ్చలు కదిలిపోయాయి.

మధ్యాహ్నం ఒంటిగంటకి గేటు ఎదురుగా ఉన్న మెస్‌లో తిన్నాను. భోజనం పన్నెండు రూపాయలు. పప్పు, గోంగూర, మజ్జిగ. బల్లలన్నీ గుంపులతో నిండి ఉంటే గోడవైపు తిరిగి ఉన్న ఒక బల్ల దొరికింది. వడ్డించే ఆమె రెండోసారి అన్నం వేస్తూ "ఒక్కదానివే వచ్చినవా బిడ్డా? తోడెవ్వలు లేరా?" అని అడిగింది. లేరన్నాను. "ఇంకింత తిను మరి" అని గోంగూర వేసి వెళ్లిపోయింది. ఆ గోంగూర సగంలోనే వదిలేసి లేచాను. ఎందుకో నాకు తెలియదు. గబగబా చేయి కడుక్కుని వచ్చేశాను.

భోజనం తర్వాత మైక్రోస్కోపుల గదికి వెళ్లాను. కోసిన చిప్పులను అక్కడ ఒక్కొక్కటిగా పరీక్షిస్తారు. చివరి బల్ల దగ్గర నలభై ఏళ్ల ఆవిడ కూర్చుని ఉంది. పేరు బాలమణి, సంగారెడ్డి దగ్గర ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచి రోజూ కంపెనీ బస్సులో వస్తుంది. నేను బ్లేడు గురించి అడుగుతుంటే కాసేపు విని, చివరికి విసుగ్గా తలెత్తింది.

"ఏంది మేడం, పొద్దటి సంది బ్లేడు బ్లేడు అంటున్నరు. బ్లేడుకు ఏం రోగం లేదు. ఇటు రాండ్రి, జెర గిది సూడుండ్రి."

ఆమె దగ్గర ఒక అట్టముక్క మీద పాత లెడ్‌ఫ్రేమ్ తునక ఒకటి అతికించి ఉంది. సరిపోల్చుకోవడానికి మొదటి నుంచీ దాచుకున్న నమూనా అట. దాన్ని వెల్లకిలా తిప్పి మైక్రోస్కోపు కింద పెట్టింది. ప్రతి రాగి నాలుక అంచు కింద సగం మందం మేర తొలిచిన మెట్టు కనిపించింది. ప్లాస్టిక్ పోసినప్పుడు ఆ మెట్టు కిందికి పాకి గట్టిపడి, రాగిని ఊడకుండా పట్టుకుంటుంది. తర్వాత ఆమె కొత్త రేకు పెట్టింది. పక్కనున్న నాలుకలకు మెట్టు ఉంది. మూలనున్న నాలుగింటికి లేదు.

"మూలకున్న నాలుగిటికి మెట్టు తీసేసిండ్రు. ఇగ ప్లాస్టిక్ దేన్ని పట్టుకుంటది? బోర్డు మీద వేడి తగలంగనె లేస్తది" అంది బాలమణి.

"ఇది ఎవరికైనా చెప్పారా?"

"పోయిన నెలనే మురళి సార్‌కు చెప్పిన. వాళ్లు పంపిన రేకు, వాళ్ల డ్రాయింగు, మనకెందుకు అన్నడు."

ఆ నాలుగు మెట్లు ఎవరు తీసేశారో నాకు తెలుసు. కొన్ని నెలల క్రితం రేకులు చేసేవాళ్లు మూలల దగ్గర మెట్టు గరుకుగా వస్తోందని, తీసేస్తే పని సులువవుతుందని రాశారు. ఆ సాయంత్రం ఆఫీసులో అందరూ వెళ్లిపోయారు. నాలుగే కదా అనుకుని డ్రాయింగు మార్చి సంతకం పెట్టింది నేనే. ఎవరితోనైనా ఒక్క మాట అనుకుని ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ వేళకి అనుకోవడానికి అక్కడ ఎవరూ లేరు.

నా ముఖం చూసి బాలమణి "ఏమైంది మేడం?" అంది.

"ఆ డ్రాయింగు మీద ఉన్న సంతకం నాది" అన్నాను.

ఆమె పట్టకారు బల్ల మీద పెట్టింది. కోపం తెచ్చుకోలేదు. "ఈ లైను బంద్ వెడితె మేం పదహారు మందిమి ఇంటికి పోతం. నేను చెప్పిన, ఎవ్వరు వినలే. మీరు చెప్తె వింటరు. చెప్తరా?" అని అడిగింది. ఆమె మళ్లీ మైక్రోస్కోపు మీదికి వంగిపోయింది.

గేటు బయట ఎస్టీడీ బూత్ నుంచి బెంగళూరుకి ఫోన్ చేసి మా మేనేజరుకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన నెమ్మదిగా, "బ్లేడనే రాసెయ్. డ్రాయింగు మనం తర్వాత సద్దుకుందాం. దాని మీద సంతకం ఎవరిదో గుర్తుంది కదా?" అన్నారు. గుర్తుందని చెప్పి పెట్టేశాను. బూత్‌లో ఇంకాసేపు అలాగే నిలబడ్డాను. అప్పుడు ఇంకెవరికైనా ఫోన్ చేసి, ఏం చేయమంటావని అడగాలనిపించింది. రజని కొత్త నంబరు నా దగ్గర లేదు. మిగతా పేర్లు మనసులో తిప్పుకుంటే, ఈ మాట చెప్పుకోగలిగిన మనిషి ఒక్కరూ తగల్లేదు. అప్పటికి ముప్పై రెండేళ్లు నాకు. బయట ఒకాయన తలుపు తట్టి "అయిపాయెనా అమ్మా?" అని అడిగితే బయటికి వచ్చాను.

లోపలికి వెళ్లి మురళి గారి బల్ల దగ్గర కూర్చుని, కార్బన్ పెట్టి రెండు ప్రతుల్లో రిపోర్టు రాశాను. కొత్త బ్లేడుతో కోసినా లోపం అలాగే ఉంది, మూల నాలుకల కింద మెట్టు లేకపోవడమే కారణం, ఆ మార్పుకి సంతకం చేసింది నేను, ఈ లోపాన్ని ముందుగా కనిపెట్టింది ఇక్కడి చెకింగ్‌లో పనిచేసే బాలమణి. అంతే, ఒకటిన్నర పేజీ. ఒక ప్రతి మురళి గారికి ఇచ్చాను. ఆయన చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఆవిడ నాకు చెప్పిన మాట నిజమేనమ్మా. చిన్న యూనిట్ మాది. మీ డ్రాయింగు తప్పని మీకే ఎలా రాస్తాం? ఆర్డరు పోతుందేమోనని భయపడ్డాను" అన్నారు. రిపోర్టు మడుస్తూ, "మీకు ఇబ్బంది కాదా?" అని అడిగారు. అవుతుందేమోనండి అన్నాను. ఆర్డరు ఆపే ఉత్తరం సంచిలోంచి తీయలేదు.

ఐదున్నరకి బయటపడ్డాను. గేటు నుంచి హైవే దాకా రెండు కిలోమీటర్ల పైనే ఉంటుంది. షిఫ్టు వదిలే వేళ కావడంతో వచ్చిన షేర్ ఆటో వచ్చినట్టే నిండిపోతోంది. నడవడం మొదలుపెట్టాను. సగం దూరం వెళ్లాక వెనక నుంచి హారన్ వినిపించింది. కంపెనీ బస్సు. కిటికీలోంచి బాలమణి చేయి ఊపి "ఎక్కుండ్రి మేడం, రోడ్డు మీద దింపుతం!" అని అరిచింది. బస్సు నా పక్కన నెమ్మదించింది. లోపల ఆడవాళ్లంతా నన్నే చూస్తున్నారు. వాళ్ల జీతాల మీదికి తెచ్చింది నా సంతకమేనని బాలమణి చెప్పి ఉంటుందా, లేదా? ఆ ముఖాల మధ్య కూర్చోవడానికి నాకు ధైర్యం చాలలేదు. పరవాలేదు, నడుస్తానని చేయి ఊపాను. బస్సు ముందుకు వెళ్లిపోయింది. దుమ్ము తగ్గేదాకా ఆగి మళ్లీ నడిచాను. ఇస్నాపూర్ చేరేసరికి పొద్దుగూకింది. పటాన్‌చెరు నుంచి కోఠి బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కూకట్‌పల్లి దాకా ఏడ్చాను. ఎవరూ ఏమైందని అడగలేదు.

ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. లైను రెండు నెలలు ఆగింది. డ్రాయింగు సరిచేసి కొత్త రేకులు పంపాక మళ్లీ నడిచింది. మురళి గారు ఫోన్ చేసి, ఎవరినీ తీసేయలేదని, బాలమణిని చెకింగ్ గదికి పెద్దగా పెట్టామని చెప్పారు. నన్ను డ్రాయింగుల నుంచి తప్పించి స్టోర్సులో వేశారు. అక్కడ కిటికీ లేదు. మధ్యాహ్నం భోజనానికి నేను వెళితే బల్ల దగ్గర మాటలు ఆగిపోయేవి. ఏడాదికి ఆ ఉద్యోగం మానేశాను. రాసినందుకు ఏనాడూ బాధపడలేదు. కానీ నిజం చెప్పాక మనసు తేలికపడుతుందంటారే, నాకు అలా ఏమీ కాలేదు. ఒంటరితనం అంతకుముందు ఎంత ఉందో అంతే ఉంది. ఇప్పటికీ ఆ రోజు తలుచుకుంటే మైక్రోస్కోపు, ఫోన్ బూత్ కాదు, నా పక్కన నెమ్మదించి ఆగబోయిన ఆ బస్సే గుర్తుకొస్తుంది. బహుశా ఆమె ఎవరికీ ఏమీ చెప్పి ఉండదు. చెప్పినా, ఎక్కమనే పిలిచింది కదా.

పాశమైలారం వైపు పనిమీద వెళ్లేవాళ్లకి ఒక్క మాట. సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా షేర్ ఆటో దొరకడం కష్టం, నడక దూరం, వీధి దీపాలు తక్కువ. కంపెనీల షిఫ్టు బస్సులు అడిగితే బయటివాళ్లని కూడా హైవే దాకా ఎక్కించుకుంటాయి, డబ్బులు తీసుకోరు. మొహమాటపడకుండా ఎక్కేయండి.