మా చిన్నాయన జామీను

సంగం పేరుతో తుపాకులు పట్టినవాళ్లకు జొన్నలు పంపాడని మా చిన్నాయనను పోలీసులు పట్టుకుపోయిన ఏడు, నేను హైదరాబాదులో చదువు ఆపి మెదక్‌లో ఇంటిపట్టున ఉన్నాను. గొడవల వల్ల దారులు భద్రంగా లేవని నాన్న కాలేజీకి పంపలేదు. కోర్టు మాటలు ఇంట్లో నాకొక్కదానికే తెలుసన్న గర్వం మాత్రం ఎక్కడికీ పోలేదు. ముల్జిమ్ అంటే నేరం మోపబడినవాడే తప్ప నేరస్థుడు కాదని మా అరుగు మీద కూర్చున్న ప్రతి ముసలాయనతోనూ వాదించాను. ఒక్కరూ ఒప్పుకోలేదు.

కోర్టు చిన్నాయనను జామీను మీద వదిలింది. మెదక్ దాటకూడదని షరతు. చేగుంటలో ఉండే మా దూరపు చుట్టం, ఒక పటేలు, తన పొలం పూచీ పెట్టి జామీను నిలబడ్డాడు. పేషీ నాడు, అంటే వాయిదా రోజున, ముల్జిమ్‌ను హాజరుపరిచే బాధ్యత నీదేనని ఆయనకు ఎవరో చెప్పారు. ఆ సాయంత్రమే పరుపుచుట్ట చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చేశాడు. చిన్నాయన మంచం పక్కనే ఆయన పడక. చిన్నాయన చెంబు పట్టుకుని బయలుకు పోతే, ఈయన ఇంకో చెంబు పట్టుకుని వెనకాలే.

"జామీనంటే కావలి కాదు మామా. పేషీకి రాకపోతేనే నీ మీదికొస్తది" అన్నాను.

"రావాలంటే మనిషుండాలె గద బిడ్డా! ఉన్నడో లేడో సూడకుంటె నాకెట్ల తెలుస్తది?"

"పేషీ నాడు సూడు."

"ఆనాడు సూస్తె లేకుంటె? నా పొలం నువ్విస్తవా?"

ఆ రాత్రి నేను కాలేజీ తర్కం పుస్తకం దుమ్ము దులిపి తీశాను.

ఇంతలో ఇండియా ఫౌజు లారీలు దిగాయి. నిజాం రాజ్యం పోయింది. కోర్టుకు తాళం పడింది. సరిగ్గా అప్పుడే నర్సాపూర్ నుంచి కబురొచ్చింది. పుట్టింట్లో ఉన్న చిన్నమ్మకు నొప్పులు మొదలయ్యాయి, కష్టంగా ఉంది, చిన్నాయనను చూడాలంటోంది. చిన్నాయన చెప్పులు తొడిగాడు. పటేలు వాకిట్లో అడ్డంగా నిలబడ్డాడు.

"సర్కారే పోయిందే! ఇంక కేసెక్కడిది?" చిన్నాయన అరిచాడు.

"సర్కారు పోయింది. నా పొలం చేగుంటల్నే ఉన్నది. కోర్టు పొమ్మంటె పో."

"అయితే నడువుండ్రి, తాళంకప్పనే అడుగుదాం" అన్నాను నేను వెటకారంగా. ఆయన నిజంగానే తలపాగా చుట్టుకున్నాడు.

కోర్టు వరండాలో పేర్లు పిలిచే చప్రాసి ఒక్కడే బీడీ తాగుతున్నాడు. పటేలు చెప్పిందంతా విని, బీడీ ఆర్పి, బెల్టు బిగించుకుని, రివాజు తప్పకుండా చిన్నాయన పేరు వీధి చివరిదాకా వినబడేలా పిలిచాడు. ఎదురుగానే నిలబడ్డ చిన్నాయన పళ్లు నూరుతూ "హాజర్" అన్నాడు.

"ఈయన పెండ్లాం పురుడు. నర్సాపూర్ పోనిస్తరా?" పటేలు చేతులు కట్టుకుని అడిగాడు.

చప్రాసి తాళంకప్పను ఒకసారి లాగి చూశాడు. "జల్ది పోండ్రి. జామీను గూడ ఎంబడి పోవాలె" అన్నాడు.

ఈ హుకుం చెల్లదని చెప్పబోయాను. చిన్నాయన నా కాలు తొక్కాడు.

కిరాయి మోటారులో ముగ్గురం నర్సాపూర్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. చిన్నమ్మ తల్లి ఎదురొచ్చి, "ఆడపిల్ల. ఇద్దరు మంచిగున్నరు" అంది. పటేలును చూసి, "ఈ పెద్దమనిషెవరు?" అని అడిగింది.

"నా జామీను" అంటూ చిన్నాయన లోపలికి పరుగెత్తాడు.

పురిటి గది గడప దగ్గర పటేలు ఆగిపోయాడు. పరాయి మగవాడు అందులోకి పోరాదు. లోపల పసిపిల్ల ఏడ్చింది, చిన్నాయన నవ్వాడు. పటేలు చిన్నమ్మ తల్లిని పక్కకు పిలిచి మెల్లగా అడిగాడు:

"ఎనక ఇంకో దర్వాజ గిట్ట ఉన్నదా, అక్కా?"