విప్పకూడని రెండో పొట్లం

నాలుగేళ్లుగా నేను అమ్మవారి ముఖం చూడలేదు.

గుడికి పోవడం మానేశానని కాదు. రోజూ పోతాను. పురాణం చదివేది నేనే, శుక్రవారం భజనలో మొదట గొంతు ఎత్తేదీ నేనే. హారతి వేళ అందరూ తల ఎత్తి అమ్మ కళ్ళలోకి చూస్తారు. నేను మాత్రం పళ్ళెంలో మండుతున్న కర్పూరం వైపు చూస్తూ నిలబడతాను. పక్కనున్నవాళ్ళు దాన్ని వినయం అనుకుంటారు. వినయం కాదు. నేను చేసిన పని ఆమెకు తెలుసు, నాకు తెలుసు. మూడో మనిషికి తెలియదు. ఆ బరువుతోనే లేస్తున్నాను, ఆ బరువుతోనే పడుకుంటున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పేర్లు మార్చి రాస్తాను. ఊరు మంత్రాలయం పోయే దారిలో ఒక మగ్గాల ఊరు. అంతకన్నా చెప్పను. మేము నేతవాళ్ళం. చౌడేశ్వరి మా ఇలవేల్పు. నాకు ఒక్కతే బిడ్డ, గౌరి. అది బడికి పోయే వయసులోనే దాని తల్లి పోయింది. నేను మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంటే, పక్కన కూర్చుని నూలు కండెలు చుడుతూ పాఠాలు చదువుకుంది. నర్సు అయింది. కర్నూలులో ఒక ఆసుపత్రిలో చేరింది. దానితో పాటే చదివి, దానితో పాటే పనిలో చేరి, అక్కడ ఒకే గదిలో ఉన్న పిల్ల పద్మ. మా వీధి పిల్లే. పద్మ తల్లి నాగమ్మ మా భజనలో తాళం వేసేది. నన్ను అన్నా అని పిలిచేది. ఇప్పటికీ అలాగే పిలుస్తుంది.

ఒక ఆదివారం గౌరి ఇంటికి వచ్చి, యుద్ధం జరుగుతున్న దేశానికి పోతానంది. ఏ దేశమో రాయను. రాస్తే మా వాళ్ళు ఈ కథ ఎవరిదో ఇట్టే కనిపెడతారు. అక్కడి ఆసుపత్రుల్లో నర్సులు లేరట, దెబ్బలు తిన్న పసిపిల్లలను చూసే చేతులు లేవట. పద్మ కూడా వస్తుంది, ఇద్దరమూ కలిసి పోతాము అంది. కువైట్‌కు పోయినవాళ్ళు మా వైపు, కడప వైపు ఏ ఊళ్ళో చూసినా ఉంటారు. కువైట్ అంటే నేను అంతగా బెదిరేవాణ్ణి కాదు. ఇది కువైట్ కాదు. ఆ రోజు నుంచి ఫోన్‌లో వార్తలు చూడటం నేర్చుకున్నాను. కూలిన గోడల కింద నుంచి మనుషులను లాగుతున్న చిత్రాలు. వాటిలో తెల్లకోటు వేసుకున్న ఆడపిల్ల ఎవరు కనబడినా మగ్గం మీద అటూ ఇటూ ఆడే నాడె నా చేతిలోనే ఆగిపోయేది.

వద్దని చెప్పి ఉండవచ్చు కదా అంటారేమో. ఎలా చెప్పను? దసరా తొమ్మిది రోజులూ గుడి అరుగు మీద కూర్చుని, రోగికి చేసే సేవ అమ్మకు చేసే సేవేనని చెప్పినవాణ్ణి. కన్నబిడ్డలను దేవుడికి అప్పగించిన భక్తుల కథలు చదివి జనాన్ని ఏడిపించినవాణ్ణి. అవన్నీ ముందు వరుసలో కూర్చుని విన్నది గౌరి. "నువ్వు చెప్పిందే గదా నాయనా," అంది.  అప్పుడు అమ్మను అడుగుదామని నేనే అన్నాను. గౌరి సరేనంది. అమ్మ వద్దంటే ఆగిపోతానంది. మనసులో ఏమీ దాచుకోకుండా అంది.

మా వాళ్ళు అమ్మను అడిగేది పూలతో. తెల్ల గన్నేరు ఒకటి, ఎర్ర గన్నేరు ఒకటి వేరువేరు తమలపాకుల్లో చుట్టి, మగ్గం మీది నూలుపోగుతో కట్టి, పాదాల దగ్గర పెడతారు. అడిగేవారు కళ్ళు మూసుకుని ఒక పొట్లం తీస్తారు. తెల్లది వస్తే అమ్మ సరేనన్నట్టు. ఎర్రది వస్తే వద్దన్నట్టు. తీయని రెండో పొట్లాన్ని మాత్రం ఎవరూ విప్పకూడదు. అమ్మ చెప్పిన మాట చాలక ఇంకో మాట కోసం వెతకడం దోషం. దాన్ని అలాగే తీసుకుపోయి కాలువ నీళ్ళలో వదలాలి. పొట్లాలు కట్టడం, మిగిలినదాన్ని వదలడం గుడి పెద్దల్లో ఒకరి పని. మా నాయన తర్వాత అది నాకు వచ్చింది.

ఆ శుక్రవారం పొద్దున, అందరికీ వీపు పెట్టి కూర్చుని, రెండు ఆకుల్లోనూ ఎర్రపూలే పెట్టి కట్టాను.

అమ్మ మీద నమ్మకం లేకనే అలా చేశానా? ఇన్నేళ్ళూ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నాను. నమ్మకం లేకపోయి ఉంటే బాగుండేది. పూలు వట్టి పూలేననుకునేవాడైతే బిడ్డను కసిరేవాడు, ఏడ్చేవాడు, కాళ్ళు పట్టుకునైనా ఆపుకునేవాడు. నేను నమ్మాను. అమ్మ పలుకుతుందని నమ్మాను. పలికి, పొమ్మంటుందేమోనని భయపడ్డాను. ఆ మాట వచ్చాక బిడ్డను పంపాలి. పంపకపోతే అరుగు మీద కూర్చుని ఇన్నాళ్ళూ నేను చెప్పినదంతా అబద్ధమవుతుంది. అందుకని ఆమె నోరు మూసి, ఆమె గొంతుతో నేను మాట్లాడాను. దేవుడు లేడనేవాడికి ఈ తప్పు చేయడం కూడా చేతకాదు.

గౌరికి ఎర్రది వచ్చింది.  పువ్వును కళ్ళకద్దుకుని పక్కకు జరిగింది. తర్వాత పద్మ వంతు. ఆ పిల్లకు ఒక తెల్లది, ఒక ఎర్రది, పద్ధతి ప్రకారమే కట్టాను. తెల్లది వచ్చింది.

పద్మ పువ్వు తీసి జడలో పెట్టుకుంది. "ఏం మే గౌరీ, మీ నాయనకు వంట చేసిపెట్టమని అమ్మ నిన్ను ఈడే ఉంచుకుండాది. నేను వచ్చేలోపల ఉప్పు సరింగా వేసేది నేర్చుకో," అని నవ్వింది.

గౌరి నవ్వలేదు. "ఒక్కదానివే పోతావా?"

"ఒక్కదాన్నే యాడ? అమ్మే పొమ్మన్యాక."

నాగమ్మ అంతసేపూ స్తంభం పక్కన నిలబడి ఉంది. నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"అన్నా, ఇద్దరూ పోతారని గదా నేను ఊ అనింది. ఇప్పుడు ఇదొక్కతే అంత దూరం పోవల్లంటే నాకు శానా భయంగా ఉండాది. నువ్వేమంటావు? నువ్వు వద్దంటే ఇది నిలుస్తాది. నా మాట వినదు గానీ నీ మాటంటే దీనికి గురి."

ఒక్క మాట చాలు. ఆ మాట నా నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ తెల్లపువ్వు వచ్చాక కూడా వద్దంటే, పూల మాట నిలవనిది అని నేనే ఒప్పుకున్నట్టు. అప్పుడు గౌరి చేతిలోని ఎర్రపువ్వు కూడా నిలవదు. గౌరి నా ముఖం వైపే చూస్తోంది. నేను ఏమంటానా అని చూస్తోంది.

"అమ్మ పొమ్మన్యాక కాదనేదానికి నేనెవర్ని నాగమ్మా," అన్నాను. "ఆమె మీద భారం ఏసి పంపు. ఆమే చూసుకుంటాది."

"నువ్వంటే సరేలేన్నా," అంది నాగమ్మ. ఆమె ముఖంలో భయం తగ్గడం నేను కళ్ళారా చూశాను.

మిగిలిన పొట్లాలు రెండూ కాలువలో వదిలాను. రెండింట్లోనూ ఎర్రపూలే. పద్మకు దక్కాల్సిన వద్దు అనే మాట కూడా వాటితోనే కొట్టుకుపోయింది.

పద్మ వెళ్ళిపోయింది. ఏడాది తిరగకముందే, ఆసుపత్రి నుంచి నర్సులను గదులకు తీసుకుపోతున్న బండి మీద బాంబు పడింది. మనిషిని ఊరికి తెచ్చే దారి లేదన్నారు. అక్కడే మట్టి చేశారు. నాగమ్మకు ఫోన్‌లో ఒక ఫోటో వచ్చింది. కొత్తగా పోసిన మట్టి, దాని మీద గుచ్చిన చెక్క, చెక్క మీద ఆమె చదవలేని అక్షరాలు.

ఊరు ఊరంతా మా ఇంటికి వచ్చింది. గౌరిని అమ్మ కాపాడిన బిడ్డ అన్నారు. ఆ దసరాకు ఆ సంగతి నాచేతే చెప్పించారు. నేను చెప్పాను. జనం చేతులు జోడించి వింటుంటే, అమ్మ నా బిడ్డకు ఎర్రపువ్వు ఇచ్చి కాచిన కథ చెప్పాను. నా గొంతు ఎక్కడా తడబడలేదు. తడబడి ఉంటే ఈ రోజు నన్ను నేను కొంచెమైనా మనిషిగా లెక్కవేసుకునేవాణ్ణి. గౌరి మధ్యలోనే లేచి పోయింది. తర్వాత ఇంట్లో, "నేను కూడా పోయింటే దాన్ని ఆ బండి ఎక్కనిస్తాంటినా నాయనా," అని మాత్రం అంది. అప్పటి నుంచి అది కర్నూలులోనే ఉంటోంది. ఊరికి రావడం తగ్గించింది. ప్రాణంతో ఉంది. నేను కోరుకున్నది అదే కదా? అదే.

కర్మలన్నీ ముగిశాక నాగమ్మ నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. గుడి అరుగు కింద కూర్చుని అడిగింది. "నీ బిడ్డకు వద్దని చెప్పిన తల్లి నా బిడ్డకు ఎందుకు చెప్పలేదన్నా? నేనేం తప్పు చేసినానో నువ్వే చెప్పు." తన తప్పు తానే వెతికి చెప్పింది. వయసులో ఉన్నప్పుడు ఒకసారి అమ్మవారి చీర నేస్తూ, బయట చేరిన సంగతి దాచి మగ్గం దిగలేదట. అదేనా అని అడిగింది. ఎన్నేళ్ళ కిందటి మాటో. ఎన్నాళ్ళు వెతికితే దొరికిందో.

కాదని చెప్పాల్సినవాణ్ణి. శుక్రవారాలు ఒక్కపొద్దు ఉండమని చెప్పాను. ఎందుకు చెప్పాను? ఆమెకు ఏదో ఒక కారణం దొరికితే ఇంకో కారణం వెతకదని. ఇంకా వెతికితే నా దాకా వస్తుందని.

నాగమ్మ ఆ ఒక్కపొద్దు ఇప్పటికీ మానలేదు. ఒక పూట తినమన్నది నేను. ఆమె ఆ పూట కూడా వదిలేసింది, శుక్రవారమంతా పచ్చి నీళ్ళు కూడా ముట్టదు. మొన్న శుక్రవారం, బండలు కాలే ఎండలో ప్రదక్షిణ చేస్తూ తూలి పడింది. ఆడవాళ్ళు ఎత్తి నీడకు తెచ్చారు. చెంబుతో నీళ్ళు తీసుకుని నేనే పోయాను. "ఇంక చాలు నాగమ్మా, తాగు, తిను," అన్నాను.

ఆమె కళ్ళు తెరిచింది. "అమ్మ చెప్పిందా అన్నా?"

అవునంటే తాగేది. ఇంకొక్క అబద్ధంతో ఆమె ప్రాణం కుదుటపడేది. అది మంచి అబద్ధమే అయ్యేదేమో, నాకు తెలియదు. కానీ అమ్మ పేరుతో మళ్ళీ మాట్లాడటానికి నా నోరు రాలేదు. "లేదు. నేనే చెప్తాండా," అన్నాను.

"నువ్వు చెప్తే ఎట్లన్నా," అని చెంబును పక్కకు జరిపింది.

ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది, నేను ఎందుకు రాస్తున్నానో. నిజం మొత్తం చెప్తే తప్ప నాగమ్మ తినదు. చెప్తే తింటుందని కూడా నమ్మకం లేదు. అమ్మ పంపింది అనే మాటనైనా పట్టుకుని బతుకుతోంది. అది కూడా తీసేస్తే ఆమెకు ఏం మిగులుతుంది? గౌరికి తెలిస్తే మళ్ళీ నాయనా అంటుందా? ఇంకో ప్రశ్న కూడా ఉంది. పద్మకు వచ్చిన తెల్లపువ్వు సంగతేమిటి? అబద్ధం పెట్టిన పాదాల దగ్గరే మళ్ళీ మాట అడిగాము. అమ్మ పలికి ఉంటుందా, ముఖం తిప్పుకుని ఉంటుందా? ఇన్ని పురాణాలు చదివాను, దీనికి జవాబు నాకు ఎక్కడా దొరకలేదు.

మీరు నన్ను క్షమించాలని అడగను. అది మీ చేతుల్లో లేదు. చెప్పాల్సింది మీకు కాదని కూడా తెలుసు. అయినా ఈ మాట నా నుంచి ఒకసారి బయటికి రాగలదా లేదా అని ముందు చూసుకోవాలి. వచ్చింది. గుండె తేలికపడిందని అనను, ఊపిరి మాత్రం కిందిదాకా పోయింది, చాలా రోజులకు.

నాగమ్మ ఏ తప్పూ చేయలేదు. ఆ పువ్వు ఎవరి మాటో నాకు తెలియదు. పద్మను పొమ్మన్నది మాత్రం నేను.